ఆర్‌సీలో ఒక కారు, రోడ్డు మీద ఇంకో కారు

మన క్యాంపస్‌లో కారు మాడిఫికేషన్ టాపిక్ వస్తే చివరికి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "పట్టుకుంటే చలానా ఎంత?" దీనికి సమాధానం చెప్పే ఎక్స్‌పర్ట్ ప్రతి హాస్టల్ ఫ్లోర్‌లోనూ ఒకడు ఉంటాడు. ఫలానా సీనియర్ ఎంత కట్టాడు, ఏ జంక్షన్‌లో ఆపుతారు, ఏ టైమ్‌లో ఆపరు, అన్నీ చెప్తాడు. కానీ ఆ కారు ఎవరికైనా తగిలితే డబ్బు ఎవరు కడతారు అని అడిగితే మాత్రం సైలెంట్ అయిపోతాడు.

నా ఉద్దేశంలో మనం అడగాల్సింది ఈ రెండో ప్రశ్నే. చలానా ఒకసారి కట్టి మర్చిపోయే ఖర్చు. ఇన్సూరెన్స్ అలా కాదు, తేడా వస్తే ఒక మధ్యతరగతి ఇంటి లెక్కలన్నీ మారిపోతాయి. పైగా మనలో చాలామంది మార్చే కారు మనది కూడా కాదు. ఆర్‌సీలో పేరు నాన్నది, ఈఎంఐ నాన్నది. అలాయ్ వీల్స్ ఐడియా మాత్రం మనది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. దాని సారాంశం ఇది: తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ, ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని తన బండిని మార్చకూడదు. "మార్పు" అంటే ఏమిటో ఆ సెక్షన్ కిందే వివరణ ఇచ్చారు. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారిపోతే అది మార్పు. సీట్ కవర్ మార్చినా నేరమే అని భయపెట్టేవాళ్లూ, రూఫ్ కోసేసినా పర్లేదు అనే వాళ్లూ ఇద్దరూ ఈ రెండు వాక్యాలు చదవలేదన్నమాట.

ఈ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఒక తీర్పు ఇచ్చింది. కేసు కేరళ నుంచి వచ్చింది. అక్కడి హైకోర్టు యజమానులకు కొంత వెసులుబాటు ఇస్తే, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తయారీదారు ఏ నమూనాకు అనుమతి తెచ్చుకున్నాడో, ఆ నమూనాకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదంది. అదే ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు 182ఏ అనే కొత్త సెక్షన్ చేరింది. అందులో నాలుగో ఉపవిభాగం మన గురించే. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాట మీద కొంచెం ఆగండి. నాలుగు మార్పులు చేస్తే నాలుగు ఐదులు ఇరవై వేలు. అక్కడికక్కడే రాజీ కింద కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి కాబట్టి, సీనియర్ చెప్పిన రేటూ మీరు కట్టే రేటూ ఒకటే అవ్వాలని లేదు.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా చేయించే మార్పులు తీసుకుందాం.

మొదటిది బుల్ బార్. ఎస్‌యూవీ ముందు ఇనుప గొట్టాలు బిగిస్తే ఏదో సినిమా హీరో బండిలా కనిపిస్తుంది. ఇవి 52వ సెక్షన్‌కు విరుద్ధమని, వీటి మీద చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. కారణం మనకు ఫస్ట్ ఇయర్ మెకానిక్స్‌తోనే అర్థమవుతుంది. గుద్దుకున్నప్పుడు కారు ముందు భాగం నలిగిపోవడం లోపం కాదు, దాని డ్యూటీయే అది. ఆ నలగడానికి పట్టే మిల్లీ సెకన్లలోనే వేగం తగ్గుతుంది, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు విచ్చుకోవాలో సెన్సర్ లెక్క వేస్తుంది. ఛాసిస్‌కు నేరుగా ఇనుప గొట్టం బిగించాక ఆ దెబ్బ వేరే దారిలో వెళ్తుంది. కంపెనీ క్రాష్ టెస్ట్ చేసిన కారులో ఈ గొట్టం లేదు. ఇక ఎదురుగా ఉన్నది నడిచి వెళ్లే మనిషి అయితే, ప్లాస్టిక్ బంపర్‌కూ ఇనుప గొట్టానికీ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండోది సన్ ఫిల్మ్. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. 2012లో సుప్రీంకోర్టు అసలు ఏ ఫిల్మూ అతికించకూడదని చెప్పింది. తర్వాత నిబంధన మారింది. మారిన నిబంధన ప్రకారం అదే 70, 50 శాతాలకు లోబడితే ఫిల్మ్ ఉండొచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. అంటే చర్చ ఉంది. కానీ మనవాళ్లు వేయించే నల్ల ఫిల్మ్‌కూ ఆ చర్చకూ సంబంధమే లేదు. అది 50 శాతానికి దరిదాపుల్లో కూడా ఉండదు.

మూడోది టైర్లు. దీన్ని మనం సొంతంగా లెక్క వేయొచ్చు. కారుకు 185/65 ఆర్15 టైరు ఉందనుకుందాం. రిమ్ 381 మిల్లీమీటర్లు, పైనా కిందా టైరు గోడలు కలిపి 240.5. మొత్తం 621.5. లుక్ కోసం 205/65 ఆర్15 వేస్తే అది 647.5 అవుతుంది. దాదాపు 4 శాతం పెద్దది. మీటర్‌లో మామూలుగా ఉండే ఎర్రర్ సంగతి పక్కన పెడితే, ముల్లు 100 దగ్గర ఉన్నప్పుడు నిజం వేగం 104. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఫెండర్ లోపల గీసుకుంటుందా లేదా అన్నది ఇంకో సంగతి.

నాలుగోది లైట్లు. హాలోజెన్ హెడ్‌ల్యాంప్‌లో హై బీమ్‌కు 60 వాట్ల ఫిలమెంట్ ఉంటుంది. దాని బదులు 100 వాట్ల బల్బు వేస్తే కరెంటు 5 ఆంపియర్ల నుంచి 8.3కి పోతుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది సుమారు 2.8 రెట్లు. వైరు మాత్రం పాతదే. ఎదుటివాడి కళ్లు పోవడం సంగతి సరే, హోల్డర్ కరిగిపోవడం ఇలాగే మొదలవుతుంది.

ఐదోది సైలెన్సర్. దీని గురించి ఎక్కువ రాయను. రాత్రి పదకొండు తర్వాత మన హాస్టల్ రోడ్డు మీద పడుకునే ప్రయత్నం చేసిన ఎవరికైనా తెలుసు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ వేరే ఉంది. మొదటిసారికే 3 నెలల వరకు జైలు, 10,000 వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్స్ పోవడం కూడా అందులోనే ఉన్నాయి.

సరే, చట్టం అయిపోయింది. అసలు విషయానికి వద్దాం.

కారు ఇన్సూరెన్స్ అని మనం ఒకే ముక్కగా అంటాం కానీ అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. ఇది చట్టప్రకారం తప్పనిసరి. మన కారు వల్ల బయటి మనిషికి ప్రాణం పోయినా దెబ్బ తగిలినా పరిహారం ఇచ్చే భాగం. రెండోది ఓన్ డ్యామేజ్. మన కారుకు జరిగిన నష్టం కోసం మనం ఇష్టపడి తీసుకునే భాగం. మాడిఫికేషన్ ఈ రెండింటినీ వేరు వేరుగా దెబ్బ కొడుతుంది.

థర్డ్ పార్టీలో బాధితుడి వైపు చట్టం గట్టిగా నిలబడింది. ఏ కారణాలు చెప్పి కంపెనీ తప్పించుకోవచ్చో 150వ సెక్షన్‌లో ఒక చిన్న జాబితా ఉంది. "కారుకు పెద్ద టైర్లు వేశాడు" అన్నది ఆ జాబితాలో విడిగా లేదు. కానీ రెండు అంశాలు ఉన్నాయి, చూడండి. ఒకటి, ముఖ్యమైన విషయం దాచిపెట్టి పాలసీ తీసుకోవడం. రెండు, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్. కంపెనీ లాయర్ ఈ రెండు తలుపులూ తట్టి చూస్తాడు. అప్పుడు కూడా బాధితుడు రోడ్డున పడకూడదని కోర్టులు ఒక పద్ధతి పెట్టాయి. లైసెన్స్ లేని డ్రైవర్ల కేసుల్లో 2004లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పిన పద్ధతి అది: ముందు కంపెనీ బాధితుడికి డబ్బు కట్టాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి.

ఈ చివరి నాలుగు మాటలే నన్ను భయపెట్టేవి. యజమాని దగ్గర వసూలు. యజమాని అంటే స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనం కాదు, ఆర్‌సీలో పేరున్న మనిషి. మరణం, గాయాల విషయంలో థర్డ్ పార్టీ బాధ్యతకు పైపరిమితి లేదు. ట్రిబ్యునల్ చనిపోయిన మనిషి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడిన వాళ్ల సంఖ్య చూసి లెక్క కడుతుంది. ఆ మొత్తంతో మన ఇంటికి నోటీసు వస్తే దాని మీద నాన్న పేరుంటుంది. దానికి ఎదురుగా ఉండేది ఆయన పీఎఫ్, ఊళ్లో ఉన్న అరెకరం.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అని ఒక లైన్ ఉంటుంది. అది "ఓనర్-డ్రైవర్"కు. అంటే ఆర్‌సీలో పేరుండి, లైసెన్స్ ఉన్న యజమానికి. నాన్న కారు మనం నడుపుతూ మనకేమైనా అయితే ఆ 15 లక్షలు మనకు వర్తించవు. కారులో ఉన్నవాళ్లందరికీ కవర్ కావాలంటే విడిగా ప్రీమియం కట్టాలి.

ఇక ఓన్ డ్యామేజ్. ఇక్కడ చట్టం మనల్ని అంతగా కాపాడదు. ఇది ఇద్దరి మధ్య ఒప్పందం. ఏ కారుకు ప్రీమియం లెక్క కట్టారో ఆ కారే రోడ్డు మీద ఉండాలి. మాకు దూరపు బంధువు ఒకాయన కారులో డిక్కీ నిండా సౌండ్ సిస్టమ్ పెట్టించాడు. యాంప్లిఫయర్‌కు పవర్ నేరుగా బ్యాటరీ నుంచి లాగారు, మధ్యలో ఫ్యూజ్ లేదు. ఒకరోజు పార్కింగ్‌లో ఉండగా పొగ వచ్చి డ్యాష్‌బోర్డు దాకా కాలిపోయింది. సర్వేయర్ వచ్చాడు. ఎక్కువ మాట్లాడలేదట. ఫొటోలు తీసుకుని, ఆ వైరు కొస పట్టుకుని, "ఇది పాలసీలో రాయించారా అండీ?" అని అడిగాడట. రాయించలేదు. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ ఎనిమిది నెలలు ఉత్తరాలు నడిచి, చివరికి అడిగిన దాంట్లో ఒక భాగమే చేతికొచ్చింది.

అన్ని కేసులూ ఇలాగే అవుతాయని చెప్పను. షరతు తప్పితే మొత్తం క్లెయిమ్ కొట్టేయడం అన్నిసార్లూ న్యాయం కాదని కోర్టులు కూడా అన్నాయి. సొంత కారును టాక్సీగా వాడుతుండగా దొంగతనం జరిగిన ఒక కేసులో, ఆ షరతు ఉల్లంఘనకూ దొంగతనానికీ సంబంధం లేదని, క్లెయిమ్‌లో 75 శాతం ఇవ్వాలన్న కింది ఉత్తర్వును 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇదే తర్కం మాడిఫికేషన్‌కు తెస్తే: అలాయ్ వీల్స్ మార్చిన కారు మీద చెట్టు విరిగి పడితే, ఆ చక్రాలకూ చెట్టుకూ ఏం సంబంధం అని మనం వాదించొచ్చు. గెలవొచ్చు కూడా. కానీ ఆ వాదన వినిపించాల్సింది కన్స్యూమర్ కమిషన్‌లో, అక్కడ వాయిదాలుంటాయి, ఈలోగా కారు షెడ్డులో ఉంటుంది, ఈఎంఐ మాత్రం నెల నెలా కట్ అవుతూనే ఉంటుంది.

ఇంతవరకు చదివి "వీడు ఆర్టీవో ఆఫీసు తరఫున రాస్తున్నాడు" అని మీకు అనిపించొచ్చు. లేదు. ఈ చట్టం మీద నాకూ కంప్లైంట్ ఉంది.

మొదటి కంప్లైంట్, శిక్ష పడేది కొన్నవాడికి, అమ్మినవాడు మాత్రం హాయిగా ఉంటాడు. విజయవాడ ఆటోనగర్‌కో సికింద్రాబాద్ రాణిగంజ్‌కో వెళ్లండి. రోడ్డు మీద వాడకూడని హారన్లు, సైలెన్సర్లు, గొట్టాలు పట్టపగలు వేలాడదీసి అమ్ముతారు. ఆన్‌లైన్‌లో అయితే ఆఫర్, క్యాష్‌బ్యాక్ కూడా. బిల్లు అడిగితే జీఎస్టీతో సహా ఇస్తారు. ప్రభుత్వం ఆ వస్తువు మీద పన్ను తీసుకుంటుంది, బిగించాక ఫైన్ తీసుకుంటుంది. అమ్మేవాళ్లను పట్టుకోవడానికి 182ఏలోనే ఇతర ఉపవిభాగాలు ఉన్నాయి. కానీ పేపర్లో ఫొటో పడేది మాత్రం రోడ్డు రోలర్ కింద నలిగే సైలెన్సర్లదే. షాపు షట్టర్ మూసిన ఫొటో నేనైతే చూసిన గుర్తు లేదు.

రెండో కంప్లైంట్, చట్టం అన్ని మార్పులనూ ఒకే గాటన కడుతుంది. ప్రమాదకరమైన బుల్ బార్‌కూ, మంచి క్వాలిటీ సస్పెన్షన్ పార్టుకూ ఒకే 5,000. ఒకటి మనుషుల్ని చంపగలదు, రెండోది బండిని ఇంకొంచెం బాగా నిలబెట్టగలదు. తేడా తేల్చే దారి లేనప్పుడు జనం రెండింటినీ దొంగచాటుగానే చేస్తారు. దొంగచాటుగా చేసిన పని ఎప్పుడూ చవకరకంగానే ఉంటుంది.

"మన దేశంలో అదంతా కుదరదులే" అంటారేమో. కుదిరింది కూడా. అదే 52వ సెక్షన్‌లో సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ పెట్టుకోవడానికి అనుమతి ఉంది. కిట్ మోడల్‌కు ముందే ఆమోదం ఉండాలి, అధీకృత సెంటర్‌లో బిగించాలి, ఆర్‌సీలో ఇంధనం మారినట్టు రాయించాలి, సీఎన్‌జీ సిలిండర్‌ను మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. ఇన్సూరెన్స్‌లో కిట్ విలువ మీద అదనపు ప్రీమియం కట్టాలి. ఇదంతా ఇన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. గ్యాస్ సిలిండర్ కారు డిక్కీలో పెట్టి, దానికి లెక్కాపత్రం ఉంచగలిగిన వ్యవస్థకు స్ప్రింగులకూ చక్రాలకూ లెక్క ఉంచడం చేతకాదా?

దీనికన్నా మంచి ఉదాహరణ ఇంకొకటి ఉంది. వైకల్యం ఉన్నవాళ్లు నడపడానికి వీలుగా కారును మార్చుకోవచ్చు. కాళ్లతో నొక్కాల్సిన బ్రేక్, యాక్సిలరేటర్‌ను చేత్తో నడిపే లివర్లుగా మార్చిన కార్లు మన రోడ్ల మీద ఉన్నాయి. 2019 సవరణ వీటికి "అడాప్టెడ్ వెహికల్" అని విడిగా గుర్తింపు ఇచ్చింది. ఆలోచించండి, బ్రేక్ పెడల్ కన్నా మౌలికమైన పార్టు కారులో ఏముంటుంది? దాన్నే మార్చడానికి చట్టం ఒప్పుకుంది. ఎందుకంటే అడిగిన వాళ్లకు ఒక అవసరం ఉంది, చేసే పద్ధతి ఒకటి ఉంది, ఆర్‌సీలో రాసే చోటు ఉంది. పెట్రోల్ కారును ఎలక్ట్రిక్‌గా మార్చే కిట్లకూ ఇలాగే ఆమోదం పొందే దారి ఉంది.

కాబట్టి నేను అడిగేది కొత్తదేమీ కాదు. మిగతా పార్టులకు కూడా ఆ దారి తెరవమని. జర్మనీలో పార్టుతో పాటే పరీక్ష సర్టిఫికెట్ వస్తుంది, అవసరమైన చోట ఇన్‌స్పెక్టర్ చూసి కాగితాల్లో ఎక్కిస్తాడు. మనకు పుణెలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐకాట్ లాంటి పరీక్షా సంస్థలు ఉన్నాయి. ఆమోదించిన పార్టుల జాబితా, ఒక్కో పార్టు మీద ఒక నంబర్, ఆ నంబర్‌ను ఆర్‌సీకీ పాలసీకీ కలిపే డేటాబేస్. ఇందులో టెక్నాలజీ పరంగా కష్టమైనది ఏదీ లేదు. మన సెకండ్ ఇయర్ డీబీఎంఎస్ మినీ ప్రాజెక్టులో దీనికన్నా ఎక్కువ టేబుల్స్ ఉంటాయి. బీమా రంగాన్ని మొత్తం నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఈ చర్చ మన ఊళ్లోనే మొదలవ్వొచ్చు.

ఇక్కడ మన బ్రాంచ్ వాళ్లకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. 52వ సెక్షన్ ఇనుము కోసం రాసింది. "నిర్మాణంలో మార్పు" అంటుంది. ఇప్పుడు మనవాళ్లు ఇష్టపడే మార్పుకు నిర్మాణమే లేదు. ఓబీడీ పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలించి ఈసీయూలో కొత్త మ్యాప్ రాస్తారు. స్టేజ్ వన్ రీమ్యాప్ అంటారు. బయటికి ఒక్క బోల్టు మారదు. ఆర్‌సీలో క్యూబిక్ కెపాసిటీ అదే, రంగు అదే. కానీ ఇంజిన్‌లోకి వెళ్లే ఇంధనం, టర్బో ప్రెషర్, పొగ అన్నీ మారతాయి. మన పొల్యూషన్ సెంటర్ పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తుంది, డీజిల్‌కు పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో అసలు సమస్య అయిన నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ మెషీన్‌కు కనిపించవు. సాఫ్ట్‌వేర్‌తో పరీక్షల్ని ఎలా మోసం చేయొచ్చో 2015లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం ప్రపంచానికి చూపించింది. అక్కడ చేసింది పెద్ద కంపెనీ. ఇక్కడ వీధి చివర షాపు.

పోలీసుకు కనిపించదు కాబట్టి రీమ్యాప్ సేఫ్ అని మనవాళ్ల లాజిక్. కానీ ఎన్నిసార్లు రీఫ్లాష్ చేశారో లెక్కపెట్టుకునే ఈసీయూలు ఉన్నాయి. చెక్‌సమ్ సరిపోల్చితే కోడ్ కంపెనీదా కాదా తెలిసిపోతుంది. చెక్‌సమ్ అంటే ఏమిటో వేరే వాళ్లకు చెప్పాలేమో, మనకు చెప్పక్కర్లేదు. ఇంజిన్ పోయినప్పుడు వారంటీ అడగడానికి వెళ్తే మొదట చూసేది అదే. డాక్యుమెంటేషన్ మార్చకుండా ప్రొడక్షన్‌లో కోడ్ మార్చేసి, బగ్ వచ్చాక "నేనేం ముట్టుకోలేదు" అనే టీమ్‌మేట్ మీద మనకు ఎంత కోపం వస్తుందో, కంపెనీకి కూడా అంతే వస్తుంది.

చట్టం మారేదాకా ఏం చేయాలి? నా సలహా చాలా సింపుల్. మార్పు చేయించే ముందు మూడు పనులు చేయండి. ఒకటి, ఆర్‌సీ తీసి చూడండి. మీరు మార్చబోయేది అందులో రాసిన వివరాల్లో ఉందా? రంగు ఉంటుంది, ఇంధనం ఉంటుంది, సీట్ల సంఖ్య ఉంటుంది. ఉంటే ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాల్సిందే. రెండు, ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి. ఫోన్ వద్దు, ఏజెంట్ అన్న "పర్లేదు బ్రదర్" అసలే వద్దు. "ఈ కారుకు ఈ పార్టు, ఇంత విలువైనది పెట్టిస్తున్నాం, పాలసీలో ఎండార్స్‌మెంట్ ఇవ్వండి" అని రెండు లైన్లు. ఎలక్ట్రికల్ యాక్సెసరీలకు, గ్యాస్ కిట్‌కు మోటార్ టారిఫ్ లెక్క ఏడాదికి విలువలో 4 శాతం. 30,000 రూపాయల మ్యూజిక్ సిస్టమ్‌కు 1,200. నెలకు వంద. మన క్యాంటీన్ బిల్లు కన్నా తక్కువ. వాళ్లు కుదరదు అని రాస్తే అది కూడా మంచి సమాధానమే, ఆ పార్టు కొనకుండా డబ్బు మిగులుతుంది. మూడు, బిగించిన షాపు నుంచి బిల్లు తీసుకుని దాచండి.

అన్నీ సరిగ్గా చేసినా కంపెనీ అన్యాయంగా క్లెయిమ్ కొట్టేస్తే, ముందు వాళ్లకే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు, యానాంకు కలిపి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పాలసీ పుస్తకం ఇంగ్లీషులో వస్తుంది, అది కూడా చీమల్లాంటి అక్షరాల్లో. మన ఇళ్లల్లో చాలాచోట్ల ఆ కారు కొన్న మనిషి దాన్ని చదవలేడు. ఏజెంట్ చూపించిన చోట సంతకం పెట్టాడు, అంతే. మనల్ని ఇంగ్లీషు మీడియంలో వేసింది ఇలాంటి కాగితాలు మనం చదివి పెడతామనే. స్పాయిలర్ ఫొటో చూపించి నాన్నను ఒప్పించడానికి పెట్టే టైమ్‌లో సగం ఆ పాలసీలోని మినహాయింపుల పేజీ తెలుగులో చదివి వినిపించడానికి పెట్టండి. విన్నాక కూడా ఆయన సరే అంటే, అప్పుడు ఇద్దరూ కలిసి కంపెనీకి మెయిల్ పెట్టండి. కారు ఆయనది, సంతకం ఆయనది. ఏ రిస్కు మీద పెడుతున్నాడో తెలుసుకునే హక్కు కూడా ఆయనదే.